అరవై అయిదా, యాభై ఆరా

రియాద్‌లో ఒక ఏసీల మెయింటెనెన్స్ కంపెనీలో ఫోన్ ముందు కూర్చునే నా జుట్టు నెరిసింది. నేను ఆ దేశం వదిలి రావడానికి కొంతకాలం ముందు కంపెనీ కొత్త సర్వీసు నంబరు తీసుకుంది. దేశమంతటికీ ఒకే నంబరు అనే పద్ధతి అప్పటికి బాగా స్థిరపడింది. మొత్తం తొమ్మిది అంకెలు. మొదటి నాలుగూ తొమ్మిది, రెండు, సున్నా, సున్నా. అవి ఎవరికైనా అవే. మిగిలిన అయిదే మనవి. జెద్దాలో షరఫియా నుంచి చేసినా, కువైట్ సరిహద్దు పక్కనున్న ఖఫ్జీ నుంచి చేసినా అవే నొక్కాలి. చేసినవాడికి ఖర్చు పడకూడదనుకుంటే ఎనిమిది వందలతో మొదలయ్యే నంబరు ఉంటుంది, కానీ దాని బిల్లు కంపెనీ కట్టుకోవాలి. మా యజమాని కట్టుకునే రకం కాదు.

ప్రకటనల ఆఫీసు నుంచి ఇద్దరు టై కట్టుకుని వచ్చి, గోడమీద తెర దించి, నంబర్లు రంగురంగుల్లో చూపించారు. ఏది బాగుందని యజమాని నన్ను అడిగాడు. నేను ఒక్కొక్కటీ పైకి చదవమన్నాను. అరబ్బీలో ఒకసారి, ఉర్దూలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. వాళ్ళు మొహాలు చూసుకుని చదివారు. విన్నవాటిని విన్నట్టే కొట్టిపారేశాను. దీంట్లో ముప్పై ఏడు ఉంది, వద్దు. దాంట్లో అరవై రెండు ఉంది, వద్దు. నలభై నాలుగు, డెబ్భై ఏడు లాంటివి చూపించండి, ఎటునుంచి విన్నా మారకూడదు అన్నాను. నాకు చాదస్తం ముదిరిందని వాళ్ళు అనుకున్నట్టు మొహాల్లోనే తెలిసింది. అనుకోనీ. ఆ చాదస్తం నాకు ఊరికే అంటుకోలేదు.

యుద్ధానికి ముందు నేను ఖఫ్జీలో ఉండేవాణ్ణి. ఆయిల్ కంపెనీ క్వార్టర్లలో ఏసీలు చూసే పని మా కఫీల్‌ది, అంటే మాకు వీసా ఇచ్చిన యజమానిది. అక్కడి స్టోరులో నేను సామాను ఇచ్చి పుచ్చుకునేవాణ్ణి. కువైట్ ఇరాక్ చేతికి పోయాక కూడా మేము అలాగే పనిచేస్తూ ఉన్నాం. రోడ్డు మీద సైన్యం బళ్ళు తప్ప ఏమీ మారలేదు. తర్వాత ఊరిమీద గుండ్లు పడ్డాయి. ఊరు ఖాళీ చెయ్యమన్నారు. దొరికిన బండి ఎక్కి దమ్మామ్ చేరి, అక్కడినుంచి రియాద్ వచ్చాను. ఒంటిమీది బట్టలు, జేబులో ఇఖామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి పత్రం. ఆ రెండూ ఉంటే సౌదీలో మనిషి ఉన్నట్టే.

రియాద్‌లో కఫీల్ ఆఫీసు మలాజ్‌లో ఉండేది. పాత పేట, కింద దుకాణాలు, పైన ఇళ్ళు. అక్కడ ఫోన్ ఎత్తే మనిషి యుద్ధానికి భయపడి ఊరు వెళ్ళిపోయాడు. నాకు పదో తరగతి ఇంగ్లీషు, స్టోరు అరబ్బీ, హైదరాబాదు ఉర్దూ ఉన్నాయి. కూర్చో అన్నారు, కూర్చున్నాను.

చలికాలంలో ఏసీ కంపెనీకి ఎవరు ఫోన్ చేస్తారని మీరు అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. మొదటి రోజే ఫోన్ పగిలిపోయేంత మోత. విషవాయువు వస్తుందని ఊరంతా పుకారు. కిటికీలకు అందరూ ప్లాస్టిక్ కాగితం పెట్టి టేపు వేసుకున్నారు కానీ కిటికీ ఏసీ చుట్టూ సందులు ఉంటాయి కదా, వాటిని మూసిపెట్టమని ఫోన్లు. మా మనుషులు వ్యాన్లు వేసుకుని సైరన్లకూ సైరన్లకూ మధ్య ఊరంతా తిరిగి ఏసీలకు పట్టీలు కట్టి వచ్చారు. యుద్ధం అయిపోయాక ఎండలు వచ్చాయి. అప్పుడు ఆ పట్టీలే పీకమని ఫోన్లు. టేపు జిగురు కరిగి ఫిన్నుల్లోకి దిగి ఏసీలన్నీ ఉక్కిరిబిక్కిరి అయ్యాయి. మేము మూసిన వాటిని మేమే తెరిచి రెండుసార్లూ బిల్లు వేశాం. కఫీల్‌కు అంతటి సీజను మళ్ళీ రాలేదు.

చిక్కల్లా ఆఫీసుకు ఒకటే లైను ఉండటం. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరికి ఎంగేజ్. అందుకని కఫీల్ టెలిఫోన్ ఆఫీసుకు వెళ్ళి కొత్త నంబరు అడిగాడు. బయటికి ఒకటే నంబరు, వెనకాల నాలుగు లైన్లు. మొదటిది ఖాళీ లేకపోతే పిలుపు దానంతట అదే రెండోదానికి పోతుంది. అప్పట్లో అది పెద్ద హోదా.

ఆ రోజుల్లో నంబరంటే ఇలా ఉండేది. ముందు ఊరి కోడ్. రియాద్‌కు సున్నా ఒకటి, జెద్దాకు సున్నా రెండు, దమ్మామ్, ఖఫ్జీ వైపు సున్నా మూడు. తర్వాత ఏడు అంకెలు. వాటిలో మొదటి మూడూ ఎక్స్చేంజివి. మలాజ్‌లో ఉన్నవాళ్ళకు మలాజ్ అంకెలే వస్తాయి. ఇంటిపేరులాగా, నచ్చినా నచ్చకపోయినా మోయాల్సిందే. చివరి నాలుగు మాత్రం పెట్టుకున్న పేరు. కఫీల్‌కు కాస్త పలుకుబడి ఉంది కాబట్టి ఏరుకోమని కొన్ని నంబర్లు చూపించారు. ఆయన వాటిని అరచేతిలో రాసుకొచ్చాడు.

ఆఫీసులో పెద్ద పంచాయితీ అయింది. పెషావర్ నుంచి వచ్చిన డ్రైవరు ఒకడు ఉండేవాడు, ఏడు ఎనిమిది ఆరు ఉన్నది తీసుకుంటే బరకత్ అన్నాడు. మా టెక్నీషియన్లు చాలామంది నిజామాబాద్, కరీంనగర్ జిల్లాలవాళ్ళు. వాళ్ళలో పెద్దాయన చివరి నాలుగంకెలూ కూడి, కూడినదాన్ని మళ్ళీ కూడి, ఎనిమిది వస్తే శని, నాలుగు వస్తే రాహువు అన్నాడు. ఏసీలు బిగించేవాడికి రాహువుతో ఏం పేచీయో నాకు ఇప్పటికీ తెలియదు. నేను సున్నాలతో ముగిసేది తీసుకొమ్మన్నాను. సున్నాలన్నీ మంత్రులకు పోతాయి అన్నాడు కఫీల్. ఆయన మనసు అప్పటికే ఒకదానిమీద పడింది. ఆరు అయిదు, ఆరు అయిదు.

"ఖమ్సా వ సిత్తీన్, ఖమ్సా వ సిత్తీన్" అని కళ్ళు మూసుకుని పలికి, డోలు కొట్టినట్టు లేదా అని మమ్మల్ని అడిగాడు. రాహువు అని మా పెద్దాయన గొణిగాడు. ఎవరూ తర్జుమా చెయ్యలేదు.

నిజానికి నంబరు బాగా పేరుకెక్కింది. కఫీల్ పెళ్ళిళ్ళలో చెప్పాడు, మసీదు బయట చెప్పాడు, పెట్రోలు బంకులో చెప్పాడు. అరబ్బులు కూడా పాటలాగా ఒకరికొకరు చెప్పుకున్నారు. వ్యాన్లమీద, ఏసీలమీద అంటించే స్టిక్కర్లమీద మాత్రం ఒట్టి అరబ్బీ అంకెలే వేయించాడు, ఇంగ్లీషు అంకెలు అందం చెడగొడతాయని. అరబ్బీ అయిదు చూడటానికి మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, ఆరు ఏమో ఇంగ్లీషు ఏడులా ఉంటుంది. మనవాళ్ళు ఆ స్టిక్కరు చదివే ప్రయత్నమే మానుకున్నారు. చెవితో విన్నదాన్నే నమ్ముకున్నారు.

కొన్నాళ్ళకు వీధి చివరి బిల్డింగు వాచ్‌మన్ ఒకతను నేరుగా ఆఫీసుకు వచ్చాడు. నిజామాబాద్ దగ్గరి మనిషి. వచ్చీ రాగానే నామీద ఎగిరాడు.

"ఏందన్నా మీ కంపిని? పోన్ జేస్తే ఎవలో ఆడామె ఎత్తుతది. రాంగ్ నంబరు అని టక్కున వెట్టేస్తది. మా అర్బాబ్ ఏసీ ఖరాబైందని నన్ను తిడుతుండు. ఆడామెను ఎందుకు గూసుండవెట్టిండ్రు ఆడ?"

"ఇక్కడ ఆడామె ఎక్కడున్నదే? నేనే కదా ఎత్తేది" అన్నాను. "ఏ నంబరు కొట్టినవ్?"

"మా అర్బాబ్ జెప్పిందే కొట్టిన. యాభై ఆరు, యాభై ఆరు."

"అరవై అయిదు కదా."

"నాకెర్క లేదా అన్నా? ఖమ్సా అన్నడు, అయిదు. సిత్తీన్ అన్నడు, ఆరు. అయిదూ ఆరు. నువ్వే అరబ్బీ మర్శినవ్."

మనం అరవై అంటాం, తర్వాత అయిదు అంటాం. చెవిలో పడిన వరసలోనే చేతితో రాస్తాం. అరబ్బులు ముందు అయిదు అంటారు, తర్వాత అరవై అంటారు. అయిదున్నూ అరవై. యజమాని ఖమ్సా అనగానే మనవాడి వేలు అయిదుమీద పడుతుంది, సిత్తీన్ అనేసరికి ఆరుమీద. ఉర్దూవాళ్ళకు ఈ బాధ లేదు, వాళ్ళ పైంసఠ్‌లో కూడా అయిదే ముందు, వాళ్ళకు అలవాటే. మలయాళం షాపులవాళ్ళు అరబ్బీలో మనకన్నా నాలుగాకులు ఎక్కువ చదివినవాళ్ళు. మిగిలింది మన తెలుగువాడు. అరబ్బుల ఇళ్ళలో, బిల్డింగుల్లో యజమాని నోటితో చెబితే ఫోన్ తిప్పేది ఎవరు? వాచ్‌మన్, డ్రైవరు, తోటమాలి. మలాజ్‌లో వాళ్ళలో సగం మన దిక్కువాళ్ళే.

వాచ్‌మన్‌ను పంపించి, యాభై ఆరు యాభై ఆరుకు నేనే ఫోన్ చేశాను. అది కూడా మలాజ్ నంబరే కాబట్టి ముందున్న మూడంకెలూ మావే. రెండు మోతలకు ఎత్తారు.

"అలో, మీన్?" ఎవరని అడిగింది ఒక ఆడగొంతు. అరబ్బీ మాటే కానీ మనిషి అరబ్బు కాదు.

"తెలుగేనా అమ్మా?" అన్నాను.

గొంతు బాగా తగ్గించి, "నువ్వు గూడా ఏసీ కోసరమేనా అన్నా?" అంది.

ఆ ఇంట్లో పనిచేసే మనిషి. రాయచోటి దగ్గరి పల్లె. నేను ఏసీ కంపెనీ నుంచే మాట్లాడుతున్నానని చెప్పగానే ఆమె మాటలు ఒకదానిమీద ఒకటి వచ్చి పడ్డాయి.

"నీకు దండం పెడతా అన్నా, మీవోళ్ళకు జెప్పు ఈ నంబరుకు చేయొద్దని. మామ నన్ను ప్రాణంతో ఉండనీల్యా. ఫోన్ మోగితే ఎత్తమని ఆమే జెప్పింది. ఎత్తితే అన్నీ తెలుగు గొంతులే, అందురూ మొగోళ్ళే. రాంగ్ నంబరని పెట్టేస్తా. రాంగ్ నంబరైతే అరబ్బులు గూడా చేయాల గదా, మీవోళ్ళే యెందుకు చేస్తాండారు అని అడుగుతాంది. దానికి నేనేం జెప్పేది?"

మామ అంటే ఆ ఇంటి యజమానురాలు. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు యజమానురాలిని మామ అని, ఆమె భర్తను బాబా అని పిలవాలి. మామూలుగా ఆ మాటకు మేము నవ్వుకునేవాళ్ళం. ఆ రోజు నవ్వు రాలేదు. ఎందుకంటే యజమానురాలు అడిగిన ప్రశ్న సరైన ప్రశ్న. తప్పు నంబరు జాతిని చూసి మోగదు కదా. ఇది మాత్రం చూసి మోగుతోంది.

"బాబా పైదేశం పోయినాడు. వచ్చినాక ఖురూజ్ కొట్టిచ్చి ఇంటికి పంపిస్తా అంటాంది" అంది. పాస్‌పోర్టుమీద ఖురూజ్ ముద్ర పడితే ఇక విమానం ఎక్కాల్సిందే. "పని పోతే పోనీ అన్నా, ఇంగో యాడన్నా చేసుకుంటా. ఫోన్లల్లో మొగోళ్ళతో మాట్లాడతాందని పంపించినారంటే మా ఇంటాయన గడప తొక్కనిస్తాడా? ఊర్లో నేను యెట్ల తల ఎత్తుకునేది?"

ఏదో ఒకటి చేస్తానని చెప్పి పెట్టేశాను. నేను చేసింది కూడా ఆ ఇంటి లెక్కలో ఇంకో తెలుగు మగాడి ఫోనే అయిందని తర్వాత అర్థమైంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరిమీద మండాలో తెలియక వాచ్‌మన్‌లందరినీ, అరబ్బీ భాషనూ, రాహువునూ కలిపి తిట్టుకున్నాను.

కఫీల్‌కు చెబితే మొదట కొట్టిపారేశాడు. "నంబరుకు ఏ దోషమూ లేదు. మీ చెవులకే దోషం" అన్నాడు. ఆయనతో వాదించి గెలిచినవాణ్ణి నేను చూడలేదు. అందుకని వాదించలేదు. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మా వాళ్ళందరినీ వెనక పెరట్లో నిలబెట్టి, పాత కంప్రెసర్ డబ్బాల అట్టలు చింపి తలా ఒక ముక్క, పెన్సిలు ఇచ్చాను. పెషావర్ డ్రైవరును కూడా నిలబెట్టాను. వీళ్ళకు కొత్త నంబరు చెప్పండి, ఏ కంపెనీదో చెప్పకండి అని కఫీల్‌ను అడిగాను. ఆయన మా నంబరు వాళ్ళకు నోటికి వచ్చేసి ఉంటుందని, దాన్ని విడిచి వేరే జంటలు చెప్పాడు. సబ్అ వ తలాతీన్, అంటే ముప్పై ఏడు. ఇత్నైన్ వ తిస్ఈన్, అంటే తొంభై రెండు.

అట్టలు తిప్పి చూపించారు. మనవాళ్ళలో ఎక్కువమంది డెబ్భై మూడు, ఇరవై తొమ్మిది అని రాశారు. డ్రైవరు సరిగ్గా రాశాడు. రాసి, మిగతావాళ్ళ అట్టలు చూసి, మావాళ్ళకు మతి పోయిందా అన్నట్టు నావైపు చూశాడు. కఫీల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. అట్టలు పట్టుకుని మళ్ళీ మళ్ళీ చూసుకుని నవ్వాడు. నేను నవ్వకపోవడం చూసి ఆగాడు. అప్పుడు ఆమె సంగతి చెప్పాను.

మనిషి చెడ్డవాడు కాదు. ఇల్లు దాటని ఆడవాళ్ళతో బయటి మగవాడు మాట్లాడటం కుదరదు కాబట్టి, తన భార్యతో ఆ ఇంటికి ఫోన్ చేయించాడు. మర్నాడు నాతో, "అయిపోయింది. మా ఇంటావిడ అంతా వివరంగా చెప్పింది. ఆ ఇంటామె కూడా నవ్విందట" అన్నాడు. స్టిక్కర్లమీద ఇంగ్లీషు అంకెలు కూడా వేయించడానికి అదే ఊపులో ఒప్పించాను. నంబరు చెప్పేటప్పుడు జంటలుగా చెప్పొద్దు, ఆరు, అయిదు, ఆరు, అయిదు అని ఒక్కొక్కటిగా చెప్పండని మా వాళ్ళకు గట్టిగా చెప్పాను.

ఆ వారంలోనే ఒకరోజు ఫోన్ ఎత్తితే ఆమె. ఈసారి ఆమే మా నంబరుకు చేసింది.

"అన్నా, రేపు పోతాండా" అంది.

మీ మామ నవ్విందట కదా అన్నాను.

"నవ్వింది. నవ్వి నన్ను పిలిచింది. పిలిచి ఒగ కాయితం ఇచ్చి, నేను జెప్పేది రాయి అనింది. ఖమ్సా వ సిత్తీన్ అనింది. నేను రాసినా. ఆరు రాసి అయిదు రాసినా. ఇంగోటి జెప్పింది, అదీ కరెట్టుగా రాసినా. ఈ ఇంట్లో నాకు అన్నీ అరబ్బీలోనే గదా అన్నా. గుడ్లు, రొట్టెలు, పిల్లోళ్ళ మందు చుక్కలు. మొదట్లో తప్పు తెచ్చినందుకు తిట్లు తిని తిని నేర్చుకున్యా. తప్పు రాయాల్నని నాకెట్ల తెల్చాది? నువ్వు కరెట్టుగా రాస్తివే, మీవోళ్ళకు రాదని యెట్ల నమ్మేది అనింది మామ."

ఆ ఫోన్ చేయించింది నేనే అన్నాను.

"నిన్ను అనేదానికి చేయల్యా అన్నా. నువ్వు మేలుకే చేస్తివి. మా దిక్కువోళ్ళు ఎవురన్నా కనపడితే, అది నంబరు తప్పే గానీ ఆ యమ్మ తప్పు కాదని జెప్పు. అంతే."

పెట్టేసింది. మా కంపెనీలో కడప జిల్లా మనిషి ఒక్కడూ లేడు. తర్వాత శుక్రవారాల్లో మనవాళ్ళంతా చేరే బత్హా బజారుకు వెళ్ళినప్పుడు, అక్కడ హోటళ్ళలో రాయలసీమ యాస వినిపిస్తే పక్కన కూర్చుని ఈ సంగతి చెప్పేవాణ్ణి. కొందరు విన్నారు. కొందరు నీకేమవుతుంది ఆమె అని అడిగి కన్ను గీటారు. ఒకడి కాలరు పట్టుకునేదాకా వెళ్ళాను. అప్పుడు తెలిసింది, ఆమె ఊళ్ళో ఈ మాట ఎలా నడుస్తూ ఉంటుందో.

నోటిమాటగా పాకిన నంబరును వెనక్కి పిలవడం ఎవరివల్లా కాదు. స్టిక్కర్లు మారాయి కానీ అరబ్బుల పాట మారలేదు, మన చెవులు మారలేదు. వేసవి ముదిరింది. ఏసీలు చెడుతూనే ఉన్నాయి. వాచ్‌మన్‌లు ఫోన్లు తిప్పుతూనే ఉన్నారు.

ఒక సాయంత్రం ఫోన్ ఎత్తితే అరబ్బు ఆడమనిషి గొంతు. నెమ్మదిగా, ఒక్కొక్క మాటా తూచి అడిగింది.

"మీరు ఏసీల కంపెనీయేనా?"

అవునన్నాను. ఎవరో నాకు అప్పుడే తెలిసిపోయింది.

"మీ వాళ్ళు ఇంకా మా ఇంటికే చేస్తున్నారు. ఫోన్ ఇప్పుడు నేనే ఎత్తుతున్నాను. వాళ్ళ మాటల్లో నాకు ఏసీ అన్న ఒక్క మాటే అర్థమవుతోంది."

క్షమించమని అడగాలి. ఆఫీసు మర్యాద అది. నా నోటికి అది రాలేదు. "మేడమ్, అంతకుముందు కూడా వాళ్ళు ఏసీ కోసమే చేశారు. ఆమె కోసం ఒక్కరూ ఎప్పుడూ చెయ్యలేదు" అన్నాను.

"ఆమె కూడా ఇదే చెప్పింది" అని, ఫోన్ పెట్టేసింది.

అంతటితో అయిపోయింది అనుకున్నాను. నిజం బయటపడింది, కానీ బయటపడాల్సిన చోట పడలేదు. మలాజ్‌లో ఒక ఇంట్లో తెలిస్తే రాయచోటి పక్కన పల్లెకు ఏం ఒరిగింది? ఆ కోపం నాలో చాలాకాలం ఉంది. వాచ్‌మన్‌లు నంబరు అడిగితే ఒక్కొక్క అంకె విడదీసి, వాళ్ళతో తిరిగి చెప్పించుకుని గానీ వదిలేవాణ్ణి కాదు. అప్పుడు కూడా నన్ను చాదస్తం మనిషి అనే అన్నారు.

మళ్ళీ ఎండలు వచ్చాయి. జగిత్యాల వైపునుంచి ఒక కొత్త టెక్నీషియన్ వచ్చాడు, ముప్పై దాటిన మనిషి, పెళ్ళాం పిల్లలు ఉన్నవాడు. మొదటిసారి ఒంటరిగా పనికి పంపిస్తే, గ్యాసు సిలిండరు చాలలేదని బయటి ఫోన్ నుంచి ఆఫీసుకు చెయ్యబోయాడట. నంబరు గుర్తులేక, పక్కనున్న అరబ్బు దుకాణదారును అడిగాడట. సాయంత్రం వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"అన్నా, గలత్ నంబరు కొట్టిన. ఎవలో అరబ్బామె ఎత్తింది."

"ఏమన్నది?" అన్నాను.

"తెలుగుల మాట్లాడిందన్నా."

"అరబ్బామె తెలుగులో ఎట్లా మాట్లాడతది?"

"నేను గూడా గదే అనుకున్న. గొంతు అయితే అరబ్బామెదే, ఆగి ఆగి అన్నది. 'యాభై ఆరు కాదు నాయనా, అరవై అయిదు' అన్నది. మన తీరు గాదన్నా, కడప దిక్కోళ్ళు మాట్లాడ్తరు సూడు, గట్ల. నేను బీరిపోయి ఏం మాట్లాడలె. ఎనుక నుంచి ఇంకో ఆడామె నవ్వుకుంట, 'పెట్టేయ్ మామా, ఆయప్ప తెలుసుకుంటాడు లే' అన్నది. ఎవలన్నా వాళ్ళు?"

పోయిన మనిషి తిరిగొచ్చింది. నాకు కళ్ళు నిండిపోయాయి. అతను చూసి కంగారుపడ్డాడు, తానేదో తప్పు చేశాననుకున్నాడు. కూర్చోమన్నాను. టీ తెప్పించి, ఆ రెండో ఆమె ఏమన్నదో మళ్ళీ చెప్పమన్నాను.